ముందు రాసివ్వండి: తెలుగు రాష్ట్రాల కార్ల డీలర్లకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లోని కార్ల డీలర్లకు, డీలర్ల సంఘాల పెద్దలకు, రెండు రాష్ట్రాల రవాణా శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను ఖమ్మంలో ఉంటాను. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. 2023 దసరాకి మా ఇంట్లో మొదటి కారు కొన్నాం. మా నాన్న జీవితమంతా సైకిల్ మీదే గడిచింది. నేను, మా ఆయన పన్నెండేళ్లు ఒకే స్కూటర్ మీద తిరిగాం. ఈ కారు కోసం నాలుగేళ్లు చీటీ కట్టాం. మాలాంటి ఇంట్లో కారు అంటే ఇల్లు తర్వాత అంత పెద్ద ఖర్చు. అందుకే ఈ లేఖ రాయడానికి ముందు చాలా రోజులు ఆలోచించాను.

ఏ షోరూమో, ఏ కంపెనీయో పేరు రాయడం లేదు. మా స్టాఫ్ రూమ్‌లో కార్లున్న టీచర్లు ఐదుగురం ఉన్నాం. ఐదూ వేర్వేరు షోరూంలలో కొన్నవే. మాట్లాడుకుంటే అందరి అనుభవం దాదాపు ఒకటే. ఒక పేరు రాస్తే మిగతావాళ్లు "అది మేం కాదులే" అని పక్కన పెట్టేస్తారు. ఇది మీ అందరికీ రాస్తున్న ఉత్తరం.

మొదటిసారి షోరూంకి వెళ్లినప్పుడు మాతో మాట్లాడిన కుర్రాడు చాలా మర్యాదగా ఉన్నాడు. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ధర ఎంత అంటే క్యాలిక్యులేటర్ మీద కొట్టి తిప్పి చూపించాడు. "రాసివ్వు తమ్ముడూ" అన్నాను. విజిటింగ్ కార్డు వెనక "ఆన్‌రోడ్" అని రాసి, కింద ఒకే ఒక్క అంకె వేశాడు. "ఇందులో ఏమేం ఉన్నాయి?" అంటే "అన్నీ ఉన్నాయి మేడమ్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. విడివిడి లెక్క మాకు దొరికింది పదకొండు వేలు టోకెన్ కట్టిన తర్వాతే.

ఆ కాగితంలో ఎక్స్‌షోరూం ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ ఉన్నాయి. వాటి కింద మేం అడగని యాక్సెసరీస్ కిట్ 16,500. అంటే మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, సీటు కవర్లు, ఒక పెర్‌ఫ్యూమ్ సీసా. దాని కింద బాడీ కోటింగ్. అన్నిటికంటే కింద "హ్యాండ్లింగ్ ఛార్జెస్" 7,500. ఇదేంటని అడిగితే యార్డు నుంచి షోరూంకి బండిని తేవడానికి అన్నారు. కొనేవాడు బండి తీసుకునేది షోరూంలో. అమ్మే వస్తువుని అమ్మే చోటికి తెచ్చుకోవడం అమ్మేవాడి ఖర్చు. కిరాణా కొట్టాయన బియ్యం బస్తాని గోడౌన్ నుంచి తెచ్చినందుకు మన దగ్గర విడిగా డబ్బు తీసుకోడు కదా!

"సరే, కడతాను. హ్యాండ్లింగ్ ఛార్జెస్ అని రాసి, జీఎస్టీ వేసి రసీదు ఇవ్వండి" అన్నాను. కుర్రాడు మేనేజర్ గదిలోకి వెళ్లి వచ్చి "మీకోసం మూడు వేలకి మాట్లాడాను మేడమ్" అన్నాడు. రసీదు కావాల్సిందేనని పట్టుబడితే మొత్తం తీసేశారు. అప్పుడు నాకు సంతోషం కలగాలి. కానీ పక్క టేబుల్ దగ్గర వైరా వైపు నుంచి వచ్చిన ఒక రైతు దంపతులు ఉన్నారు. అదే మోడల్, అదే 7,500. ఆయన జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చేశాడు. ఇంగ్లిష్‌లో ఉన్న కాగితం ఆయనకి ఎవరూ చదివి చెప్పలేదు. నేను లేచి చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను. ఆ సంగతి ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. అడిగినవాళ్లకి ఒక ధర, అడగడం తెలియనివాళ్లకి ఇంకో ధర ఉండకూడదు. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదంతా ఇదే.

ఇన్సూరెన్స్ గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చే బీమా, తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. ఆ థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది. 2022లో ఖరారు చేసిన ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ఇంజిన్ ఉన్న కొత్త కారుకి మూడేళ్లకి 10,640 రూపాయలు. ఎవరి దగ్గర తీసుకున్నా అంతే. తేడా వచ్చేదంతా బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమాలో, దానికి తగిలించే యాడ్-ఆన్‌లలో. మాకు షోరూంలో చెప్పింది 46,000. అదే బీమా కంపెనీ, బండికి అదే విలువ, అవే యాడ్-ఆన్‌లతో మా తమ్ముడు బయట అడిగితే 33,500 అన్నారు. పన్నెండున్నర వేలు తేడా.

బయట తీసుకుంటామని చెప్పగానే షోరూంలో మాట తీరు మారింది. "డెలివరీ లేటవుతుంది మేడమ్, దసరాకి రాదు." "రేపు యాక్సిడెంట్ అయితే మన దగ్గర క్యాష్‌లెస్ ఉండదు." ఇలా ఒత్తిడి పెట్టడం తప్పని నాకు తర్వాత తెలిసింది. డీలర్ల ద్వారా అమ్మే మోటారు బీమాకి, బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధనలు 2017 నవంబరు నుంచి ఉన్నాయి. పాలసీ మా దగ్గరే తీసుకోవాలని కొనేవాళ్లని బలవంతం చేయడానికి వీల్లేదు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది ఎక్కడో ఢిల్లీలో కాదు, మన హైదరాబాద్‌లోనే. కానీ ఆ రోజు మా అత్తయ్య ముహూర్తం దాటిపోతుందని కంగారు పడుతున్నారు, పిల్లలు అప్పటికే ఎర్ర రంగు బండి చుట్టూ తిరుగుతున్నారు. మేం 46,000 కట్టేశాం. పండగ ముందు ఇంట్లో ఉండే తొందర ఎలాంటిదో మీకు బాగా తెలుసు. దాన్ని మామీదే వాడుకున్నారు.

అంత డబ్బు తీసుకున్నప్పుడు పాలసీలో ఏముందో చెప్పాలి కదా. అది చెప్పకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరు 1న మా ఊరు చూసింది. మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అవే రోజుల్లో విజయవాడలో బుడమేరు వచ్చి సింగ్‌నగర్ వైపు ఇళ్లు, బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా ఆయన స్నేహితుడి కారు కూడా మున్నేరు నీళ్లలో సీట్ల పైదాకా మునిగింది. నీళ్లు తీశాక ఆయన చేసిన మొదటి పని తాళం తిప్పి స్టార్ట్ చేయడం. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఇంజిన్‌లోకి నీళ్లు చేరినప్పుడు స్టార్ట్ చేస్తే లోపల రాడ్లు వంగిపోతాయి. అలా దెబ్బతిన్న ఇంజిన్‌కి మామూలు పాలసీలో డబ్బు ఇవ్వరు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ ఉండాలి. ఆయన షోరూంలోనే కొన్న పాలసీలో తాళం పోతే ఇచ్చే యాడ్-ఆన్ ఉంది, ఇంజిన్‌ది లేదు. నది పక్క ఊళ్లో ఉంటున్న మనిషికి దేనికి ఎంత కడుతున్నాడో ఎవరూ చెప్పలేదు. "మునిగిన బండిని స్టార్ట్ చేయకండి, టోయింగ్‌కి ఫోన్ చేయండి" అనే ఒక్క ముక్క డెలివరీ రోజు చెప్పి ఉంటే సరిపోయేది.

తర్వాత ఆ కారు నాలుగు నెలలు సర్వీస్ సెంటర్ యార్డులో ఉంది. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టం కింద లెక్కగట్టాలి. ఆయనకి మొదట ఒక ఎస్టిమేట్ చెప్పారు, నెల తర్వాత ఇంకొకటి, తర్వాత మూడోది. మూడూ ఫోన్‌లోనే. కాగితం మీద ఒక్కటీ లేదు. ఏ అంకె పట్టుకుని బీమా కంపెనీతో మాట్లాడాలో ఆయనకి తెలియలేదు. వరదలో మీ సిబ్బంది కూడా రాత్రింబవళ్లు పనిచేశారని నాకు తెలుసు. వాళ్ల ఇళ్లూ మునిగాయి. పని ఆలస్యమైనందుకు నేను తప్పు పట్టడం లేదు. ఒక వాట్సాప్ మెసేజ్‌లోనైనా లెక్క రాసి పంపొచ్చు కదా అని అడుగుతున్నాను.

మళ్లీ మా డెలివరీ రోజు దగ్గరికి వస్తాను. బండి మీద ఎర్ర గుడ్డ కప్పారు. పెద్ద అట్టముక్క తాళం చేతికిచ్చి ఫొటో తీశారు, కేక్ కోయించారు. టైర్ల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ, హారతి. ఆ రోజు మా నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వేడుక మీరు బాగా చేస్తారు, దానికి కృతజ్ఞతలు. కానీ సరిగ్గా ఆ గంటలోనే మేం బండిని సరిగ్గా చూడం. రంగు మీద గీత ఉందా, టైర్లు కొత్తవేనా, మీటరు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, బండి ఏ నెలలో తయారైంది అనేవి పూజ ముందు ఎవరు చూస్తారు? పైగా అప్పటికే టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబరు వచ్చేసి ఉంటుంది. చట్టప్రకారం బండి మనది అయిపోయాక లోపం కనిపిస్తే ఇక బతిమాలుకోవడమే మిగులుతుంది.

గోవాలో ఒకాయనకి ఇలాగే జరిగింది. 2011లో కొత్త కారుకి డబ్బు కట్టారు. ఇచ్చింది 2009లో తయారైనది, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగింది, కింద తుప్పు కూడా ఉంది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఏమందంటే, డీలరు చేసింది తయారీ కంపెనీకి తెలిసే జరిగిందని రుజువైతే తప్ప దానికి కంపెనీ బాధ్యురాలు కాదు, బాధ్యత డీలరుదే. అందుకే ఈ ఉత్తరం కంపెనీలకి కాకుండా నేరుగా మీకు రాస్తున్నాను. షోరూంలో "అది కంపెనీ పాలసీ మేడమ్" అంటారు, కంపెనీకి ఫోన్ చేస్తే "అది డీలర్ చూసుకుంటారు" అంటారు. మధ్యలో మేం నిలబడతాం.

సర్వీసు సంగతికి వస్తే, మొదటి ఏడాది చివర 10,000 కిలోమీటర్ల ఫ్రీ సర్వీసుకి నేనే బండి తీసుకెళ్లాను. ఫ్రీ అంటే లేబర్ మాత్రమే, ఆయిలు, ఫిల్టర్ల డబ్బు కట్టాలని తెలుసు. అడ్వైజర్ మొదటి ప్రశ్న "సార్ రాలేదా మేడమ్?" బండి నా పేరు మీద ఉంది, నడిపేది నేను, డబ్బు కట్టేది నేను. అయినా బండిలో శబ్దం గురించి చెబుతుంటే ఆయన రాసుకోలేదు. అదే శబ్దం గురించి మా తమ్ముడు ఫోన్‌లో చెబితే రాసుకున్నాడు. మీ దగ్గరికి బండి తెచ్చే ఆడవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మేం చెప్పేది జాబ్ కార్డులోకి, అంటే బండికి చేయాల్సిన పనులు రాసే కాగితంలోకి, ఎక్కాలి.

ఉదయం నోటితో చెప్పిన ఎస్టిమేట్ 4,200. సాయంత్రం బిల్లు 9,380. లెక్కల టీచర్‌ని కాబట్టి అక్కడే కూర్చుని కూడాను. ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్ 1,100, ఇంజిన్ కోటింగ్ 1,450, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 980, అద్దానికి ట్రీట్‌మెంట్ 650, అడుగు భాగం టచప్ 1,000. ఏడాది కూడా నిండని బండికి 5,180 రూపాయల అదనపు పని, ఒక్కదానికీ నన్ను అడగలేదు. బండితో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లకి ఏం చేయాలో పట్టిక ఉంటుంది. 10,000 దగ్గర ఇందులో ఒక్కటీ లేదు. ఆ పేజీ తెరిచి చూపిస్తే "ఇవి రికమెండెడ్ మేడమ్, చేసేశాం ఇక" అన్నాడు. జరిగిందో లేదో నేను చూడలేని పనులకి డబ్బు కట్టి బయటికొచ్చాను.

అందరూ ఇలాగే ఉంటారని నేను అనను. పోయిన ఏడాది బ్రేకు వేస్తే కీచుమంటోందని అదే సెంటర్‌కి తీసుకెళ్లాను. ఈసారి అడ్వైజర్ లేడు, లోపల పనిచేసే పెద్దాయన ఒకరు వచ్చారు. చక్రం విప్పి "అమ్మా, ఇటు రండి" అని పిలిచారు. ప్యాడ్‌ని చేతిలో పెట్టి స్కేలుతో కొలిచి చూపించారు. "కొత్తది పది మిల్లీమీటర్లు ఉంటుందమ్మా, ఇది ఇంకా ఏడుంది. మూడు దగ్గరికొస్తే మార్చాలి. ఇప్పుడు దుమ్ము తీస్తే చాలు." శుభ్రం చేసి బిగించి పంపారు. బిల్లు మూడొందలు కూడా కాలేదు. ఆ పది నిమిషాల్లో ఆయన మీ సంస్థ మీద నాకు కలిగించిన నమ్మకాన్ని ఏ ప్రకటనా కలిగించలేదు. ఆయన్ని మీరు ఎలా చూసుకుంటున్నారో నాకు తెలియదు. బాగా చూసుకోండి.

ఇప్పుడు ఫీడ్‌బ్యాక్ కాల్ గురించి. ఆ 9,380 బిల్లు రోజు బయటికి వస్తుంటే అడ్వైజర్ నా వెంట కారు దాకా వచ్చాడు. "మేడమ్, రేపు కంపెనీ నుంచి కాల్ వస్తుంది. దయచేసి పది చెప్పండి. తొమ్మిది చెప్పినా నా ఇన్సెంటివ్ పోతుంది" అన్నాడు. గొంతులో నిజంగానే భయం ఉంది. చూస్తే నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే. మర్నాడు ఫోన్ వస్తే పది అని చెప్పాను. అంటే అబద్ధం చెప్పాను. ఊళ్లో అందరం ఇలాగే పది చెబుతుంటే కంపెనీ కంప్యూటర్లో మీ సర్వీసు ఎప్పుడూ బంగారంలాగే కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ పిల్లల జీతాన్ని మా జాలికి ముడిపెట్టడం ఆపండి. యాక్సెసరీస్ ఎన్ని అమ్మావు, ఎన్ని కోటింగ్‌లు రాశావు అనే టార్గెట్లు వాళ్ల మీద పెట్టింది మీరు. వాళ్లు వచ్చి మా మీద పెడుతున్నారు.

బండి అమ్మితే మిగిలేది తక్కువ, ఇన్సూరెన్సూ యాక్సెసరీసూ సర్వీసూ లేకపోతే షోరూం అద్దె కూడా రాదు అని మీరంటారు. నిజమే కావచ్చు. అలాంటప్పుడు ఆ విషయం కంపెనీలతో తేల్చుకోండి. సంఘాలు ఉన్నది అందుకే. కంపెనీలు మిమ్మల్ని కట్టడి చేస్తాయన్నదీ నిజమే. డీలర్లు ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వకుండా అడ్డుకున్నందుకు 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మారుతి సుజుకికి 200 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ చెప్పినదానికంటే డీలరు ఎక్కువ తగ్గిస్తున్నాడేమో తెలుసుకోవడానికి కొనేవాళ్లలా మనుషుల్ని పంపేవారని ఆ ఉత్తర్వులో ఉంది. కొనేవాడికి తగ్గించినవాళ్లని పట్టుకోవడానికి మనుషుల్ని పంపగలిగినప్పుడు, కొనేవాడి దగ్గర లేని ఛార్జీ వసూలు చేసేవాళ్లని పట్టుకోవడానికి కూడా పంపొచ్చు. కంపెనీలు వింటుంటే వాళ్లకి నా విన్నపం ఇదొక్కటే.

"కోర్టుకి వెళ్లొచ్చు కదా" అంటారు కొందరు. వెళ్లొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. సర్వీసు బిల్లు లాంటి ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. ఈ సంగతి ఈ ఉత్తరం చదివే నా తోటివాళ్లకి తెలియాలని రాస్తున్నాను. కానీ ఐదు వేల కోసం సెలవులు పెట్టుకుని ఎంతమంది తిరుగుతారు? డబ్బున్నవాళ్లకీ తేలికేం కాదు. 2009 సెప్టెంబరులో మన ఉమ్మడి రాష్ట్రంలో ఒక సంస్థ బీఎండబ్ల్యూ కారు కొంటే నాలుగు రోజులకే లోపం బయటపడింది. మధ్యలో కంపెనీ కొత్త కారు ఇస్తానంది, కొన్నవాళ్లు డబ్బే కావాలన్నారు. చివరికి 50 లక్షలు ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పింది 2024 జులైలో. దాదాపు పదిహేనేళ్లు. ఆ బండి కొనగలిగినవాళ్లకే అంత కాలం పడితే, చీటీ పాడి కొన్నవాళ్లం మేమెక్కడ నిలబడతాం?

అందుకే కోర్టు దాకా రాకముందే చేయగలిగినవి అడుగుతున్నాను. టోకెన్ తీసుకునే ముందే ధర మొత్తం విడివిడిగా, తెలుగులో, షోరూం ముద్రతో రాసివ్వండి. ఏది తప్పనిసరో ఏది మా ఇష్టమో పక్కనే రాయండి. హ్యాండ్లింగ్ లాంటి మాటలు అందులో ఉండకూడదు. కారు ధర పది లక్షలు దాటితే మీరు వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) మా ఆదాయ పన్ను లెక్కలో కలుస్తుందని కూడా అక్కడే చెప్పండి. చాలామంది దాన్ని ఇంకో పన్ను అనుకుని వదిలేస్తున్నారు. మిగతా డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబరు, తయారైన నెల, సంవత్సరం ఉన్న ఫారం 22 చూపించండి. టీఆర్ వేయకముందు, పగటి వెలుతురులో, ఒక అరగంట మమ్మల్ని బండి చూసుకోనివ్వండి. సర్వీసులో ముందు చెప్పని పని ఏదైనా చేయాల్సి వస్తే ఫోన్‌కి మెసేజ్ పంపి, మేం సరే అన్నాకే చేయండి. మార్చిన పాత సామాను కవర్లో వేసి బిల్లుతో పాటు చేతికివ్వండి. తీసుకోవాలో వద్దో మేం చూసుకుంటాం.

రవాణా శాఖ అధికారులకి ఒక్క మాట. షోరూం నడవాలంటే మీరిచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ షోరూంలో విడివిడి ధరల పట్టిక తెలుగులో గోడ మీద ఉందా లేదా అని చూసి రావడానికి మీ ఇన్‌స్పెక్టర్‌కి పది నిమిషాలు చాలు. పండగల ముందు వారం ఒక్కసారి తిరిగినా తేడా వస్తుంది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పుడు మా బంధువుల్లో ఇద్దరు కార్లు బుక్ చేశారు. పన్ను తగ్గింపు వాళ్లకి అందింది. కానీ కిట్టూ కోటింగూ హ్యాండ్లింగూ అన్నీ అలాగే ఉన్నాయి, ఒకరికైతే పెరిగాయి. ప్రభుత్వం వదులుకున్న డబ్బు కొనేవాళ్లకి చేరిందో లేదో చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉంది.

నా బండి 30,000 కిలోమీటర్ల సర్వీసు వచ్చే నెల. మాన్యువల్‌లో ఆ పేజీని జిరాక్స్ తీసి పెట్టుకున్నాను. జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు ఆ జిరాక్స్ దానికి పిన్ చేస్తాను. మర్నాడు కంపెనీ నుంచి ఫోన్ వస్తే ఈసారి జరిగినది జరిగినట్టే చెబుతాను.

ఇట్లు,
ఖమ్మం నుంచి ఒక ఉపాధ్యాయురాలు